ఫ్లూ పిల్లల రద్దీ: పర్లాకిమిడి సిస్టర్ గారికి సమాధానం

సిస్టర్ గారూ, సాయంత్రం అయ్యేసరికి జ్వరం పిల్లలంతా ఒకే క్యూలో పడుతున్నారు, ఆక్సిజన్ తెల్లారేదాకా సరిపోవడం లేదు అన్నారు కదా. ముందు గుమ్మం దగ్గర ఒక నర్సును నిలబెట్టండి. చీటీ రాయకముందే చూడాల్సినవి: ఫిట్స్, మగత, పాలు తాగలేకపోవడం, డొక్కలెగరేయడం. ఒక్కటున్నా నేరుగా లోపలికే.

ఊపిరి నిండు నిమిషం లెక్కపెట్టాలి, అదీ బిడ్డ ఏడవనప్పుడు. 2 నెలల లోపు 60, ఏడాది లోపు 50, 5 ఏళ్ల లోపు 40కి చేరితే క్యూలో ముందుకు జరపండి. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్ పెద్దలదైతే చంటిబిడ్డ వేలికి సరిగా పట్టదు, అంకె తప్పొస్తుంది. చల్లబడ్డ పాదాన్ని వెచ్చచేసి పిల్లల ప్రోబ్ (ఆక్సీమీటర్ సెన్సర్) చుట్టండి. 90 శాతం కన్నా తగ్గితే ఆక్సిజన్ పెట్టాల్సిందే.

పెద్ద డి-టైప్ సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 7000 లీటర్లు. నిమిషానికి లీటరు చొప్పున నలుగురికి 29 గంటలొస్తుంది. మాస్కు పెట్టి ఒక్కొక్కరికి 5 లీటర్లు వదిలితే 6 గంటలు కూడా రాదు. చంటివాళ్లకు చాలావరకు నేసల్ ప్రాంగ్స్ (ముక్కులో పెట్టే సన్న గొట్టాలు) చాలు. జాయింట్ దగ్గర సబ్బునురగ రాసి చూడండి, లీకు బుడగల్లో తెలుస్తుంది.

రెండేళ్ల లోపు పిల్లలకు, పరిస్థితి బాగోలేనివాళ్లకు ఫ్లూ మందు ఒసెల్టామివిర్‌ను పరీక్ష రిపోర్టు కోసం ఆపొద్దని డాక్టరుగారితో మాట్లాడండి. ఏడాది దాటి 15 కిలోల లోపుంటే 30 మి.గ్రా., రోజుకు రెండుసార్లు, 5 రోజులు. ఆస్పిరిన్ వద్దే వద్దు.

ఇంటికి పంపేవాళ్లకు ప్రమాద లక్షణాలు ఒడియాలో, తెలుగులో చెప్పండి; కొండ ఊళ్లవాళ్లకు సవర భాష వచ్చిన ఆశా కార్యకర్తతో చెప్పించండి. బరంపురమో శ్రీకాకుళమో పంపేముందు ఫోన్లో బెడ్ ఖాయం చేసుకోండి.