పిట్స్‌బర్గ్‌లో కొత్త కాపురం

ప్రశ్న: మా వారికి అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఒక ఆసుపత్రి పరిశోధన విభాగంలో ఉద్యోగం వచ్చింది. ఆగస్టులో ఆరేళ్ల బాబుతో కలిసి వెళ్తున్నాం. న్యూజెర్సీలోని మా బంధువులు అది మూతపడిన ఉక్కు ఫ్యాక్టరీల ఊరనీ, గుడి తప్ప మనకు అక్కడేమీ తోచదనీ అంటున్నారు. బాబుకు చలికాలంలో ఆయాసం వస్తుంది. ఆ ఊరి తీరు, అక్కడివారి అలవాట్లు వివరిస్తారా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, మీ బంధువులు చెప్పినదాంట్లో సగమే నిజం. అలిగనీ, మొనాంగహీలా నదులు కలిసి ఒహాయో నదిగా మారే చోట వెలసిన ఆ నగరంలో 1950లో 6,76,000 మందికి పైగా ఉండేవారు. 2020 జనాభా లెక్కల నాటికి 3,03,000 మందికి కాస్త తక్కువగా మిగిలారు. శివారులకు వలస ముందే మొదలైనా, 1980ల్లో మొనాంగహీలా లోయలోని ఉక్కు కర్మాగారాలు వరుసగా మూతపడటంతో పని వయసులో ఉన్నవారు వేలాదిగా ఊరు విడిచారు. ఆ తరువాత ఊరిని నిలబెట్టింది ప్రధానంగా ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాలే. ఉక్కు కంపెనీ కట్టించిన 64 అంతస్తుల భవనం నెత్తిన ఇప్పుడు ఒక ఆసుపత్రుల సంస్థ పేరు కనిపిస్తుంది. మీ వారి ఉద్యోగం కూడా ఆ మార్పులో భాగమే.

కాబట్టి, చలి ముదరకముందే ఒకసారి కారీ బ్లాస్ట్ ఫర్నేసులు అనే పాత ఇనుప కొలుములు చూసి రండి. తొంభై అడుగులకు మించిన ఎత్తున్న ఆ కొలుముల్లో కరిగిన ఇనుమును రైలు వంతెన మీదుగా నది దాటించి హోమ్‌స్టెడ్ కర్మాగారానికి పంపేవారు. 1892లో కార్మికుల సమ్మె రక్తపాతంగా మారిన హోమ్‌స్టెడ్ అదే. 1986లో అది మూతపడింది. ఆ స్థలంలో ఇప్పుడు దుకాణాల సముదాయం ఉంది, పాత పొగగొట్టాల వరుసను మాత్రం అలాగే ఉంచారు. రేపు మీరు సరుకులు కొనడానికి వెళ్లబోయే చోటు అదే కావచ్చు. అక్కడ ఎవరు చెమటోడ్చారో తెలిసి తిరగడం వేరు, తెలియక తిరగడం వేరు.

అలవాట్ల విషయానికి వస్తే, మంచు కురిసిన రోజున ఇంటి ముందు వీధిలో తన కారు పట్టేంత జాగాను పారతో ఎత్తి శుభ్రం చేసుకున్న మనిషి, పనికి వెళ్తూ ఆ జాగా తనదేనన్న గుర్తుగా అక్కడ ఒక పాత కుర్చీ పెట్టి వెళ్తాడు. చట్టంలో ఆ కుర్చీకి విలువ లేకపోయినా ఇరుగుపొరుగు దాన్ని మన్నిస్తారు. మీరూ దాన్ని కదపకండి. ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాల్లో, శుక్రవారం సాయంత్రాలు చాలా చర్చిల్లో చేపల వేపుడు భోజనం పెడతారు. పోలండ్, స్లొవేకియా వంటి చోట్ల నుంచి వచ్చిన క్యాథలిక్ కార్మిక కుటుంబాలు ఆ రోజు మాంసం మానేసేవి. ఆ ఆనవాయితీయే ఇది. మీరు శాకాహారులైతే బంగాళదుంప, చీజ్ కూరి కజ్జికాయల్లా మడిచి చేసే పియెరోగీలు అడగండి. ఉల్లిపాయలను వెన్నలో మగ్గించి పైన వేసి ఇస్తారు. పరిచయాలు పెంచుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తోచదు, ఎందుకంటే బల్లకు అటువైపు కూర్చున్న పెద్దవారి తండ్రో తాతో ఉక్కు మిల్లులో పనిచేసి ఉండవచ్చు, అడిగితే ఆ కబుర్లు ఇష్టంగా చెబుతారు.

నగర శివారు పెన్ హిల్స్‌లోని శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయానికి తప్పక వెళ్లండి. తిరుమల తిరుపతి దేవస్థానాల సహకారంతో 1970ల్లో నిర్మించిన ఆ కోవెల, అమెరికాలోని తొలి హిందూ ఆలయాల్లో ఒకటి. అయితే వారాంతాలన్నీ అక్కడే గడిపితే పక్కింటివారు ఎప్పటికీ పరాయివారుగానే ఉండిపోతారని నా భయం.

బాబు ఆరోగ్యం గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఉక్కు పరిశ్రమ అక్కడ పూర్తిగా పోలేదు: 1875లో మొదలైన బ్రాడాక్ కర్మాగారం, క్లెయిర్‌టన్‌లో బొగ్గు నుంచి ఉక్కు కొలుములకు వాడే కోక్ అనే ఇంధనాన్ని తయారుచేసే కర్మాగారం ఇంకా నడుస్తున్నాయి. గాలి కదలని రాత్రులలో చల్లగాలి, దానితో పాటు ఆ కర్మాగారాల పొగ లోయలో చిక్కుకుపోయి, తెల్లవారుజామున కుళ్లిన కోడిగుడ్ల వాసన వస్తుంది. అందువల్ల ఆ కర్మాగారాలకు దూరంగా ఇల్లు వెతుక్కోండి. వీలైతే ఒక ఉదయం పూట వెళ్లి చూశాకే అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టండి. ఇల్లు 1978కి ముందు కట్టినదైతే, సీసం కలిసిన రంగు గురించి తమకు తెలిసినది యజమాని రాతపూర్వకంగా చెప్పాలని అక్కడి చట్టం. ఆ కాగితం అడిగి తీసుకోండి. బాబు మందుల చీటీలు, టీకాల వివరాలు ఇంగ్లీషులో రాయించి చేతి సంచిలోనే పెట్టుకోండి.