ఆకు పెద్దదైతే ఘాటు ఎక్కువా?

ప్రశ్న: పొగాకులో ఆకు ఎంత పెద్దదైతే నికోటిన్ అంత ఎక్కువని మా క్లాసులో ఒకరన్నారు. నిజమేనా?
– ఓ వ్యవసాయ విద్యార్థిని

జవాబు: సైజు ఒక్కటే చూసి చెప్పలేమమ్మా. నేనైతే ముందు ఆకును వేళ్ల మధ్య పట్టుకుని మందం చూస్తాను. తర్వాత, మొక్కలో ఏ ఎత్తున ఉన్న ఆకో అడుగుతాను. నికోటిన్ ప్రధానంగా తయారయ్యేది మొక్క వేర్లలో. నీటితోపాటు పైకెక్కి ఆకుల్లో చేరుతుంది. అడుగు ఆకులు పల్చన, వాటిలో నికోటిన్ తక్కువ. కొన ఆకులు సాధారణంగా చిన్నవే, కానీ మందం. అసలు ఘాటు వాటిదే!

నీడలో పెంచిన ఆకు బాగా విప్పారుతుంది, కానీ పల్చబడి ఘాటు తగ్గుతుంది. నీటి ఎద్దడిలో పెరిగింది చిన్నగా, ఘాటుగా ఉంటుంది. అయితే మొక్క తల (పూమొగ్గ ఉన్న కొన) తుంచి, నత్రజని ఎరువు దండిగా వేస్తే పై ఆకుల సైజూ పెరుగుతుంది, నికోటినూ పెరుగుతుంది. మీ క్లాసులో ఆ మాట పుట్టింది బహుశా ఇక్కడే.

ప్రాక్టికల్స్‌లో పోల్చేటప్పుడు ఒకే ఎత్తులోని ఆకులు తీసుకోండి. మధ్య ఈనె తీసేయండి, దానిలో నికోటిన్ బాగా తక్కువ.