తుమ్మచెట్టు అకేసియానా, వాచెల్లియానా?

"తుమ్మకి మా పుస్తకంలో అకేసియా అని, నెట్‌లో వాచెల్లియా అని ఉంది. ఏది రైటు? అసలు ఈ గుంపుల్ని దేన్నిబట్టి కడతారు?" అని అడిగారు కదా. డిగ్రీలో బీజడ్‌సీ చదివేటప్పుడు సరిగ్గా ఈ తుమ్మ దగ్గరే నేనూ బోల్తా పడ్డాను.

హెర్బేరియం రికార్డు కోసం మొక్కలు సేకరించమన్నారు. మాది నల్గొండ జిల్లా, తుమ్మలకేం తక్కువ? చెరువు కట్ట మీద నల్లతుమ్మ, బీళ్లలో ఎక్కడ పడితే అక్కడ సర్కారు తుమ్మ, రోడ్డు పక్కన నాటిన ఆస్ట్రేలియా తుమ్మ. మూడింటి కొమ్మలూ తెంపి, పాత పేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టి, షీట్లకు కుట్టి, అన్నిటి కిందా అకేసియా అని రాసేశాను. పేరులోనే తుమ్మ ఉంది కదా అని ధీమా. మేడం రెండు షీట్లు వెనక్కి ఇచ్చేశారు.

మొదటిది సర్కారు తుమ్మ. తప్పేమిటో చెప్పలేదు, పువ్వు విప్పి చూడమన్నారు. సూదితో విడదీసి లెన్స్ కింద పెడితే నల్లతుమ్మ పువ్వులో కేసరాలు లెక్కపెట్టలేనన్ని. సర్కారు తుమ్మలో పదంటే పదే. నల్లతుమ్మ పూలు పసుపుపచ్చని గుండ్రటి బంతులు, దీనివి పొడుగాటి కంకులు. అప్పటి లెక్కలో దీని ప్రజాతి (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు, పేరులో మొదటి మాట) ప్రోసోపిస్, అంటే మన జమ్మిచెట్టుకి దాయాది! దసరాకి మొక్కే జమ్మికీ, పొలాల్ని మింగే ఈ కంపకీ చుట్టరికమేంటని మా నాన్న అస్సలు ఒప్పుకోలేదు.

రెండోది ఆస్ట్రేలియా తుమ్మ. అక్కడ ప్రజాతి సరిగ్గానే రాశాను గానీ, కొడవలిలా వంగిన దాని ఆకుని సరళ పత్రం అన్నాను. అది ఆకే కాదట, వెడల్పుగా సాగిన కాడ. నమ్మకం కలగక నర్సరీకి వెళ్లి మొలకలు చూశాను. మొదట వచ్చిన ఒకటి రెండు ఆకులు అచ్చం తుమ్మాకే, సన్నసన్నటి చిట్టి ఆకులతో. ఆ పైన వచ్చినవాటిలో కాడ వెడల్పవుతూ, చిట్టి ఆకులు తగ్గుతూ, చివరికి కాడే మిగిలింది. ఆ మొలక చూశాకే నాకు వర్గీకరణ అర్థమైంది. మనం ముల్లునీ వాడకాన్నీ చూసి తుమ్మ అంటాం. వాళ్లు వెతికేది ఏది దేనితో కలిసి పుట్టిందని. ఆకూ ముల్లూ బతికే చోటుని బట్టి తొందరగా మారిపోతాయి, పువ్వు అంత తొందరగా మారదు. అందుకే పువ్వుకి అంత విలువ.

అలాగని పువ్వు కూడా పూర్తిగా నిజం చెప్పదు. విడివిడిగా బోలెడన్ని కేసరాలున్నవాటిని 19వ శతాబ్దంలో ఇంగ్లండ్ వృక్షశాస్త్రవేత్త బెంథామ్ అకేసియాలో వేశాడు. తర్వాత డీఎన్‌ఏ చూస్తే అవన్నీ వంశవృక్షంలో ఒక్క కొమ్మ నుంచి వచ్చినవి కావని తేలింది. అందుకే విడగొట్టారు. ఆకు మొదట్లో జంటగా నిటారు ముళ్లుండే నల్లతుమ్మ, తెల్లతుమ్మ లాంటివి వాచెల్లియా. కొక్కెం ముళ్ల చండ్ర సెనెగాలియా. ఆస్ట్రేలియా వాటిలో చాలామటుకు అకేసియాగానే ఉన్నాయి.

ఇక్కడే అసలు గొడవ. అకేసియా అనే పేరుకి ఆధారంగా పెట్టుకున్న నమూనా జాతి మన నల్లతుమ్మే. రూలు ప్రకారం పేరు దానికే దక్కాలి. కానీ ఆస్ట్రేలియా వైపు దాదాపు వెయ్యి జాతులున్నాయి, అన్నిటి పేర్లూ మార్చాల్సి వస్తుంది. 2005లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ నమూనానే మార్చి, పేరు వాళ్లకిచ్చింది. ఆఫ్రికా నుంచి గట్టిగా అభ్యంతరాలు వచ్చినా 2011లో మెల్‌బోర్న్‌లో అదే ఖాయమైంది (సభ పెట్టిన ఊరు కూడా వాళ్లదే, ఏం చేస్తాం). కాబట్టి గుంపు విడిపోవడం సైన్సు, పేరు చేతులు మారడం మాత్రం ఓట్ల సంగతి. ఈ రెంటినీ కలిపి చూస్తేనే టెన్షన్.

2022లో ఇంకోటి జరిగింది. సర్కారు తుమ్మని ప్రోసోపిస్ నుంచి తీసి నెల్టుమా అనే ప్రజాతిలో పెట్టారు (పలుకుతుంటే నల్లతుమ్మలాగే ఉంటుంది!), జమ్మి అక్కడే ఉండిపోయింది. ఫోన్‌లో చెబితే మా నాన్న "నేను అప్పుడే చెప్పలేదా" అన్నాడు. రెండూ చిక్కుడు కుటుంబమైన ఫాబేసీలోనే ఉన్నాయని నేనింకా ఆయనకి చెప్పలేదు.

మీ ప్రశ్నకి వస్తే, నల్లతుమ్మకి ఇప్పుడు చెల్లుబాటయ్యేది వాచెల్లియా నిలోటికా. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దీన్ని మిమోసా నిలోటికా అన్నాడు, తర్వాత అకేసియా నిలోటికా అయింది. ముందు పేరు మారుతూ వచ్చినా నైలు నది గుర్తుగా ఉన్న ఆ రెండో మాట మారలేదు. నెట్‌లో దాంతో వెతికితే పాతవీ కొత్తవీ దొరుకుతాయి. పరీక్షలో మాత్రం మీ పుస్తకంలో ఉన్నదే రాసి, పక్కన బ్రాకెట్లో కొత్త పేరు పెట్టండి.