డయాలసిస్ కోసం జంతువుల రక్తనాళం హైదరాబాద్‌లో పెట్టించుకోవచ్చా?

డయాలసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపి మీ నాన్నగారి చేతికి వేసిన ఫిస్టులా మూసుకుపోయిందని, జంతువుల రక్తనాళాన్ని శుద్ధి చేసి ప్రాణమున్న నాళంగా మారుస్తారట, ఇక్కడ పెడతారా అని అడిగారు. ఇప్పుడు మాత్రం దాని కోసం ఆగకండి. హైదరాబాద్‌లోనే ఒక ల్యాబ్‌లో కొంతకాలం ఈ పని చేశాను కాబట్టి ఎందుకో చెబుతాను.

చెంగిచెర్ల కబేళా నుంచి మేక మెడ ధమనులు ఐస్‌లో పెట్టి తెచ్చుకునేవాళ్లం. పైన ఉన్న కొవ్వు తీసేసి, ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ నీళ్లలో రోజుల తరబడి తిప్పితే మేక కణాలు కరిగిపోతాయి. మన ఒళ్లు పరాయిదని ఎదురు తిరిగేది ముఖ్యంగా ఆ కణాల మీదే. గులాబీ రంగు ధమని తెల్లబడి, లోపల దూర్చిన గాజు కడ్డీ బయటికి కనిపించేంత పలచనవుతుంది. అయినా లాగి వదిలితే చటుక్కున ముడుచుకుంటుంది, ఎందుకంటే నాళానికి బలాన్నీ సాగే గుణాన్నీ ఇచ్చే కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే ప్రొటీన్లు అలాగే ఉంటాయి. ఎన్నిసార్లు చూసినా నాకు అది అద్భుతమే.

కానీ అది ఖాళీ ఇల్లు. అందులో కొత్త కణాలను కాపురం పెట్టించడమే అసలు కష్టం. డిటర్జెంట్ ఏ కాస్త మిగిలినా అవి చచ్చిపోతాయి. అందుకే కడగడానికే బోలెడు సమయం పట్టేది. అంటుకున్నవి కూడా రక్తం వేగానికి కొట్టుకుపోకూడదు. లోపలి గోడకు, మామూలు రక్తనాళాల లోపల ఉండే ఎండోథీలియల్ కణాల పొర లేకపోతే రక్తం గడ్డకడుతుంది. రక్తనాళం బదులు పెట్టే, 6 మిల్లీమీటర్ల కంటే సన్నని ప్లాస్టిక్ గొట్టాలు త్వరగా మూసుకుపోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

అమెరికాలో ఆవు మెడ ధమనిని రసాయనాలతో గట్టిపరిచి డయాలసిస్‌కు దశాబ్దాలుగా వాడుతున్నారు, కానీ అందులో జీవకణాలుండవు. 2024 డిసెంబరులో అక్కడ అనుమతి వచ్చిన సిమ్‌వెస్ అనే నాళం జంతువుది కాదు. దాత ఇచ్చిన మనిషి కణాలతో ల్యాబ్‌లో నాళం పెంచి, తర్వాత ఆ కణాలను తీసేస్తారు. పెట్టాక రోగి సొంత కణాలే అందులోకి చేరతాయి. అనుమతి కూడా కాళ్లు చేతుల రక్తనాళాల గాయాలకే, డయాలసిస్‌కు కాదు. నాకు మాత్రం ఈ దారి మీదే ఎక్కువ ఆశ.

ఫిస్టులా ఈ మధ్యే మూసుకుపోతే వెంటనే వాస్కులర్ సర్జన్‌కు, అంటే రక్తనాళాల సర్జన్‌కు చూపించండి. తొందరగా వెళ్తే కొన్నిసార్లు తెరిపించవచ్చు. లేదంటే డాప్లర్ స్కాన్‌తో రెండు చేతుల సిరలూ చూసి, కొత్త ఫిస్టులా వేయాలా, పీటీఎఫ్‌ఈ అనే ప్లాస్టిక్‌తో చేసిన గొట్టం (గ్రాఫ్ట్) పెట్టాలా అన్నది ఆయన చెబుతారు. అప్పటిదాకా రెండో చేతికి సెలైన్ పెట్టనివ్వకండి. రక్తం తీయాల్సి వస్తే అరచేతి వెనక నుంచి తీయమనండి.