ఓడ టికెట్లో అడవి వాటా ఎంత?

ఈసారి ఉత్తరాల్లో సగం పడవల మీదే వచ్చాయి. సాగర్ గేట్లు ఎత్తారంటే చాలు, మనవాళ్లకు నీళ్లు తప్ప ఇంకోటి గుర్తుకు రాదు. ముప్పై ఏళ్లు నల్లగొండలో ఆడపిల్లలకు జంతుశాస్త్రం చెప్పాను. ఏటా ఒక బ్యాచ్‌ను నాగార్జునకొండ లాంచీ ఎక్కించి, ఎక్కినంతమందీ దిగారో లేదో లెక్కపెట్టుకునేదాన్ని. ఆ అర్హత చూసే ఇవన్నీ నాకు పంపినట్టున్నారు సంపాదకులు.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను రైస్ మిల్లులో లెక్కలు రాసి రిటైరయ్యాను. అమెరికాలో ఉన్న మా అబ్బాయి నా షష్టిపూర్తికి నన్నూ వాళ్లమ్మనూ గాలపాగోస్ దీవులకు పంపిస్తానంటున్నాడు. పదహారు మంది మాత్రమే పట్టే చిన్న ఓడ అట. టికెట్ డబ్బులో కొంత ప్రకృతి సంరక్షణకు పోతుందని కాగితంలో రాశారు. జీవితమంతా పద్దులు చూసినవాణ్ని, ఈ మాట నమ్మబుద్ధి కావడం లేదు. నిజమేనా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: తమ్ముడూ (షష్టిపూర్తి అంటున్నారు కాబట్టి నాకన్నా చిన్నవారే), ‘కొంత’ అనే మాటను మీ పద్దు పుస్తకంలో ఎప్పుడైనా రాయనిచ్చారా? ఇక్కడా రాయనివ్వకండి. ఎంత, ఎవరికి, పోయిన ఏడాది ఆ డబ్బుతో ఏం పని జరిగింది అని అబ్బాయితో ఒక మెయిల్ పెట్టించండి. నిజంగా ఇచ్చేవాళ్లు వెంటనే జవాబిస్తారు. రంగురంగుల తాబేలు ఫొటోలు పంపితే అర్థం చేసుకోండి.

అయితే గాలపాగోస్‌లో ఓడవాళ్ల దయతో సంబంధం లేని డబ్బు ఒకటుంది. అది ప్రవేశ రుసుము. దక్షిణ అమెరికాలోని ఎక్వడార్ తీరానికి వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ దీవులను 1959లో నేషనల్ పార్కు చేశారు. దీవుల నేలలో నూటికి 97 పాళ్లు పార్కుదే. మనలాంటి విదేశీయులు దిగాలంటే ఇదివరకు 100 డాలర్లు కట్టేవారు, 2024 ఆగస్టు నుంచి 200 డాలర్లయింది. అందులో పార్కుకు, అక్కడి ఊళ్లకు వాటాలున్నాయి. ఇది మీరు ఏ ఓడ ఎక్కినా కట్టాల్సిందే.

దానికన్నా నాకు నచ్చేవి అక్కడి నిబంధనలు. వంద మందికి మించి ప్రయాణికులున్న ఓడకు దీవుల మధ్య తిరిగే అనుమతి లేదు. పార్కు లైసెన్సు ఉన్న గైడు లేనిదే ఒడ్డున అడుగు పెట్టనివ్వరు. ఒక గైడు వెంట పదహారు మందే, మీ ఓడకు ఆ లెక్క అందుకే వచ్చింది. ఏ జంతువుకైనా రెండు మీటర్ల దూరంలో ఆగాలి, ఫ్లాష్ కొట్టకూడదు. ఒక ఓడ ఒకసారి దించిన చోటికి పద్నాలుగు రోజుల లోపల మళ్లీ రాకూడదు. మన యాదగిరిగుట్ట దగ్గర ఒక హోటలాయనకు ఇట్లాంటి నియమం పెట్టి చూడండి, ఊరంతా బంద్ అవుతుంది. ఇన్ని చోట్ల ‘వద్దు’ చెప్పగలిగే ఆసామి ఒడ్డున ఉన్నాడు కాబట్టే అక్కడ చిన్న ఓడ మంచి ఓడ అయింది.

విరాళాల సంగతికి వస్తే మీకు మేకల కథ చెప్పాలి. పాతకాలపు నావికులు తినడానికి పనికొస్తాయని ఆ దీవుల మీద మేకలను వదిలిపోయారు. అవి లక్ష దాటి పెరిగి, పెద్ద తాబేళ్లు తినాల్సిన గడ్డీ పొదా నున్నగా మేసేశాయి. 1997 నుంచి 2006 దాకా పార్కువాళ్లు, డార్విన్ ఫౌండేషన్ వాళ్లు కలిసి ఇసబెల, సాంటియాగో దీవుల్లో వాటిని ఏరివేశారు. లక్షకు పైగా మేకలు, చాలావరకు హెలికాప్టర్ల మీద నుంచి కాల్చినవి. చివర్లో మిగిలిన కొన్ని గుట్టల్లో దాక్కుంటే దొరకలేదు. అప్పుడు కొన్ని మేకల మెడకు రేడియో పట్టీ కట్టి వదిలారు. మేక ఒంటరిగా ఉండలేదు కదా, వెతుక్కుంటూ పోయి మందలో కలిసేది. దాని వెనకే తుపాకులు. పాలమూరులో గొర్రెల కాపరుల ముందు ఈ పాఠం చెప్పిన రోజున నన్ను అదోలా చూశారు. కానీ తాబేళ్లు తినే పచ్చదనం తిరిగొచ్చింది.

అదే 1997లో లిండ్‌బ్లాడ్ అనే ఓడల కంపెనీ తన ప్రయాణికులిచ్చే విరాళాలతో గాలపాగోస్ కోసం ఒక నిధి పెట్టింది. అంటే మంచి ఉదాహరణలు ఉన్నాయి. మీరు అడగాల్సింది ఇట్లాంటి పనుల గురించే. ఎలుకలు, మేకలు, పిచ్చిమొక్కలు. చూడ్డానికి అందంగా ఉండని పనులకే డబ్బు కావాలి.

ఇక కాగితంలో రాయనివి రెండు నేను చెప్తాను. చిన్న ఓడకు తలసరి డీజిల్ ఖర్చు మామూలుగా పెద్ద ఓడకన్నా ఎక్కువే అవుతుంది. ‘చిన్న’ అంటే పొగ తక్కువని కాదు, ఒడ్డున అడుగుల ముద్రలు తక్కువని. రెండోది, హైదరాబాద్ నుంచి భూగోళం అటువైపుకు విమానంలో పోయి రావడానికి అయ్యే పొగ ఏ విరాళంతోనూ కడుక్కుపోదు. అయినా వెళ్లి రండి. పోతూ పోతూ ఏడు దేశాలు చుట్టే టూర్లు మాత్రం పెట్టుకోకండి. ఒక్కసారి పోయి పది రోజులు ఒక్కచోటే చూడండి. చెల్లెలికి మోకాళ్ల నొప్పులుంటే ముందే చెప్పండి. ఓడ నుంచి రబ్బరు పడవలోకి, అక్కడి నుంచి రాళ్ల మీదికి దిగాల్సి ఉంటుంది.

ప్రశ్న: అమ్మా, నేను తొమ్మిదో తరగతి. అంటార్కిటికాకు కూడా టూరిస్టులు పోతారని మా సోషల్ సార్ చెప్పారు. పెంగ్విన్లు భయపడవా?
– ఒక విద్యార్థిని, దేవరకొండ

జవాబు: నేల మీద వాటిని వేటాడే జంతువు అక్కడ లేదు బిడ్డా, అందుకే మనిషిని చూసి పరుగెత్తవు. భయం లేదు కదా అని మనం మీదికి పోకూడదు. ఐదు మీటర్ల దూరం ఉండాలి. పెంగ్విన్లు నడిచే దారికి మనం అడ్డం పోకూడదు, అవి వస్తే మనమే ఆగాలి. 1991లో ఏడు ఓడల కంపెనీలు ఒక సంఘం పెట్టుకుని ఈ నియమాలు రాసుకున్నాయి. ఒక చోట ఒకేసారి వంద మందికి మించి దిగరు. ఐదు వందల మందికి మించిన ఓడ అసలు ఎవరినీ దించకూడదు. దిగేముందు బూట్లు కడగాలి, జేబుల్లో, సాక్సుల్లో గడ్డిగింజలున్నాయేమో దులపాలి. బర్డ్ ఫ్లూ అక్కడిదాకా పోయాక, నేల మీద కూర్చోవద్దనే నియమం కూడా వచ్చింది.

మీ సార్‌కు ఇంకోటి చెప్పు. 1966లో లిండ్‌బ్లాడ్ అనే ఆయన పర్యాటకులను అక్కడికి తీసుకుపోయాడు, 1969లో ఆ పని కోసమే ఒక చిన్న ఓడ కట్టించాడు. 2007 నవంబరులో ఆ ఓడే మంచుకు తగిలి మునిగిపోయింది. అందులో ఉన్న 154 మందీ బతికారు, కానీ డీజిల్ సముద్రంలో కలిసింది. ఇప్పుడు ఒక్క సీజన్‌లో లక్ష మందికి పైగా పోతున్నారు, వాళ్లలో అందరూ దిగకపోయినా సరే. నియమాలు మంచివే, తలకాయలే పెరిగిపోయాయి.

అయితే ఓడల మీద పోయేవాళ్ల వల్ల ఒక మేలూ ఉంది. హంప్‌బ్యాక్ తిమింగలం తోక కింది మచ్చలు మన వేలిముద్రల్లాంటివి, ఒకదానికున్నట్టు ఇంకోదానికి ఉండవు. ఓడల మీద పోయేవాళ్లు తీసిన తోకల ఫొటోలను 2015 నుంచి హ్యాపీవేల్ అనే చోట పోగుచేసి, ఏ తిమింగలం ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో పట్టుకుంటున్నారు. నీకు లెక్కలు బాగా వస్తే ఇట్లాంటి పనికి చదువుకోవచ్చు.

ప్రశ్న: మేడమ్, మాది కొల్లాపూర్ దగ్గర. మా నాయన సోమశిల బ్యాక్‌వాటర్‌లో పుట్టి మీద చేపలు పడతాడు. నేను డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నాను. పదిమంది పట్టే మోటారు పడవ కొని హైదరాబాద్ వాళ్లకు మొసళ్లు, నీటికుక్కలు (ఆటర్లు) చూపిద్దామని ఆలోచన. లాభంలో పది శాతం అడవికి ఇస్తానని బోర్డు పెడితే జనం వస్తారా?
– ఒక యువకుడు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: బాబూ, బోర్డుకు జనం వస్తారు. కానీ అడవి ఖాతా నంబరు నీ దగ్గరుందా? ఆ మాట తర్వాత. ముందు పడవ.

2021లో కొత్త ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. మోటారు పడవకు రిజిస్ట్రేషన్, సర్వే, ఇన్సూరెన్స్, నడిపేవాడికి సర్టిఫికెట్ కావాలి. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర పడవ మునిగి ఏం జరిగిందో మర్చిపోయే వయసు కాదు నీది. లైఫ్ జాకెట్ వేసుకోను, ఫొటోలో బాగుండదు అనేవాణ్ని ఒడ్డునే దించే ధైర్యం ఉంటేనే పడవ కొను. కింద నల్లమల ఒడ్డు అమ్రాబాద్ టైగర్ రిజర్వు, 2,611 చదరపు కిలోమీటర్లు. ఫారెస్టువాళ్ల అనుమతి లేకుండా అటు పోవడం, దిగి వంట చేసుకోవడం కుదరదు. అప్పు తీసుకునేముందే మన్ననూరు పోయి అడుగు, తీసుకున్నాక కాదు.

ఇప్పుడు అసలు సంగతి. శ్రీశైలం 885 అడుగులు నిండినప్పుడు మీ దగ్గర సముద్రమే. ఎండాకాలం నీళ్లు తగ్గి ఇసుక దిబ్బలు బయటపడతాయి. నీ గిరాకీకి అదే మంచి కాలం అనిపిస్తుంది, మొసళ్లు ఎండకు పడుకుని స్పష్టంగా కనిపిస్తాయి. కానీ మొసలి ఆ దిబ్బల్లో గుంత తవ్వి గుడ్లు పెట్టేదీ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్యనే. నదీ తీరపు పిట్టలు ఒట్టి ఇసుకలో గుడ్లు పెట్టేదీ ఎండాకాలమే. పడవ దగ్గరికొస్తే తల్లి పిట్ట లేస్తుంది, ఆ ఎండకు గుడ్డు ఉడుకుతుంది. ఒడిశాలో భితర్‌కనికా పార్కును మొసళ్లు గుడ్లు పెట్టే మే, జూన్, జులై నెలల్లో పర్యాటకులకు మూసేస్తారు. నీ పడవను ఎవరూ మూయించరు, నువ్వే మూసుకోవాలి. మీ దగ్గర మొసళ్లు గుడ్లు పెట్టే ఆ మూడు నెలలు ఇల్లు గడిచే లెక్క కాగితం మీద రాసుకో. అది తేలకపోతే పది శాతం బోర్డు రాయించకు.

మీ నాయనను ఒడ్డున వదిలిపెట్టకు, పడవలో కూర్చోబెట్టు. ఒడిశాలోనే చిలికా ఒడ్డున మంగళజోడి అనే ఊరుంది. అక్కడివాళ్లు ఒకప్పుడు వలస పిట్టలను చంపి అమ్మి బతికారు. ఇప్పుడు అదే మనుషులు ఇంజిన్ లేని పడవల్లో గెడ వేసుకుంటూ ఆ పిట్టలనే చూపించి బతుకుతున్నారు. ఏ పిట్ట ఏ గడ్డిలో ఎప్పుడుంటుందో వేటగాడికి తెలిసినంత మాలాంటి లెక్చరర్లకు తెలియదు. నేను పిల్లలను తీసుకుపోయిన రోజుల్లో సాగర్‌లో ఒక ముసలి సరంగు ఉండేవాడు. ఒక బండ దగ్గరికి రాగానే ఇంజిన్ ఆపి, ‘ఇక మాట్లాడకుండ్రి’ అనేవాడు. నలభై మంది ఆడపిల్లలు నోరు మూసుకున్నది నా సర్వీసులో అక్కడొక్కచోటే. కాసేపటికి బండ మీద పడుకున్నది మొద్దు కాదని తెలిసేది.

ఇక ఆ పది శాతం. మీ వైపు అలివి వలలతో చేపపిల్లలను కూడా ఊడ్చేస్తున్నారని నీకు నాకన్నా బాగా తెలుసు. చేప లేకపోతే నీటికుక్క లేదు, నీటికుక్క లేకపోతే నీ పడవకు గిరాకీ లేదు. ఆ డబ్బును ఊరి మత్స్యకారుల సొసైటీకి ఇవ్వు. అలివి వల లేని రేవుకు ఇంత అని, నలుగురి ముందు, రసీదుతో. గొడవలవుతాయి. తిట్లు కూడా పడతాయి. అందుకే ఒక్కడివే మొదలుపెట్టకు.

ప్రశ్న: మాకు అంత దూరాలు పోయే స్తోమత లేదు. ఇద్దరు పిల్లలతో క్రిస్మస్ సెలవుల్లో పడవ మీద జంతువులను చూడాలంటే ఎక్కడికి పోవచ్చు?
– ఒక టీచర్, మహబూబ్‌నగర్

జవాబు: చిలికాకు పొండమ్మా. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ మా నల్లగొండ మీదుగానే పోతుంది, ఖుర్దా రోడ్‌లో దిగొచ్చు. సాతపడాలో ఇరావతి డాల్ఫిన్లు, మంగళజోడిలో పిట్టలు. డిసెంబరు చివర బాగుంటుంది.

అక్కడ నేను చేసిన తప్పు మీరు చేయకండి. చాలా ఏళ్ల కిందట ఒక నీళ్ల మీద (ఏదో చెప్పను) డాల్ఫిన్ వీపు కనిపించగానే, ‘ఇంకాస్త దగ్గరికి పోనీ, వంద ఎక్కువిస్తా’ అన్నాను. మా పడవ పోయింది. మమ్మల్ని చూసి ఇంకో ఐదు పడవలు వచ్చాయి. అన్నీ ఇంజిన్లు రేపుకుంటూ గుండ్రంగా తిరిగాయి. డాల్ఫిన్ మళ్లీ పైకి రాలేదు. అది శబ్దాన్ని పట్టుకుని దారి వెతుక్కునే జీవి అని క్లాసులో ఇరవై సార్లు చెప్పినదాన్ని నేనే. ఇప్పుడు పడవ ఎక్కేముందే చెప్తాను: ‘దూరంగానే ఆపు నాయనా, కనిపించకపోయినా నీ టిప్పు తగ్గదు.’ ఆ ఒక్క మాటతో పడవతనికి టెన్షన్ పోతుంది. ఎందుకంటే వెంటబడమని అతన్ని తోసేది మనమే.

అంత దూరం కూడా వద్దనుకుంటే కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులున్నాయి. సాగర్ నుంచి శ్రీశైలం లాంచీ ఉండనే ఉంది. సుమారు 110 కిలోమీటర్లు, రెండు పక్కలా నల్లమల. నీటిమట్టం సరిపోతేనే నడుపుతారు, కాబట్టి ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి. పైన డెక్కు మీద పాటలు పెడితే ఆపమని అడగండి. నేను అడిగితే ఒకసారి ఆపారు, ఇంకోసారి నన్నే కిందికి పోయి కూర్చోమన్నారు.

ప్రశ్న: పోయిన సంచికలో ‘నీటికుక్క’ అని రాశారు. మా తాత ‘నీటిపిల్లి’ అనేవాడు. ఏది సరైనది?
– ఒక పాఠకుడు, పెద్దవూర

జవాబు: రెండూ వాడుకలో ఉన్నాయి. నిజానికి అది కుక్కా కాదు, పిల్లీ కాదు, వేరే కుటుంబం. మీ తాత దాన్ని ఏ రేవు దగ్గర చూశాడు, ఎన్ని కనిపించేవి, అది సాగర్ డ్యామ్ కట్టకముందా, తర్వాతా? ఇంట్లో ఎవరికైనా గుర్తుంటే ఒక కార్డు ముక్క మీద రాసి పంపండి. నా దగ్గర అట్లాంటివి పదకొండు కార్డులున్నాయి. పెద్దవూర వైపు నుంచి ఒక్కటీ లేదు.