పెడల్ నేలకు దిగిన అంబాసిడర్ గురించి అల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. మొన్న రాత్రి నువ్వు ఫోనులో ఊపిరి తీసుకోకుండా చెప్పినదంతా విన్నాను. ఏడేళ్లుగా షెడ్డులో నిలబడిన బండిని వెనక్కి తీస్తూ బ్రేకు తొక్కావు. పెడల్ ఏ అడ్డూ లేకుండా నేలకు తాకింది. కొబ్బరి చెట్టు లేకపోతే గోడ కూలేది. ఆ చెట్టు మీ నాన్న, మా బావగారు, నాటిందే. ఆయన బండిని ఆయన చెట్టే ఆపిందనుకుని నవ్వుకున్నాను, తర్వాత నవ్వు రాలేదు.

రేపే మెకానిక్‌ను పిలిచి మాస్టర్ సిలిండర్, అదే పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను గొట్టాల్లోకి నెట్టేది, మార్పిస్తానన్నావు. వద్దన్నాను, ఎందుకు వద్దో ఫోనులో సరిగా చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం. ఇది చదివి పని పూర్తి చేసేదాకా బండి ఇంజను స్టార్ట్ చెయ్యకు. కదపక తప్పకపోతే ఇద్దరు మనుషులు తోసుకోండి, చక్రం కింద పెట్టడానికి చేతిలో ఒక ఇటుక ఉంచుకోండి.

నీది 1972 నాటి మార్క్ 2. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, తొక్కుడుకు బలం చేర్చే బూస్టరు లేదు. ముఖ్యమైన సంగతి, నాలుగింటికీ కలిపి ఒకటే గొట్టాల వరస. ఇప్పటి కార్లలో రెండు వరసలుంటాయి, ఒకటి పోయినా రెండోది కొంతైనా ఆపుతుంది. నీ బండిలో ఏ మూల చిల్లి పడినా నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. అందుకే తప్పు ఎక్కడుందో తెలియకుండా సామాను మార్చడం మొదలుపెట్టకూడదు.

ముందు పెడల్ ఏం చెబుతోందో విను. మొదటి తొక్కుడుకు కిందికి పోయి, వెంటవెంటనే రెండుమూడు సార్లు తొక్కితే పైకి లేచి గట్టిగా నిలిస్తే, డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి ఆపే షూలు అరిగి దానికి దూరమయ్యాయని అర్థం. అడ్జస్ట్ చేస్తే సరిపోవచ్చు. లేచినా దూదిలా మెత్తగా ఉంటే లోపల గాలి చేరింది. గట్టిగా నిలిచి, కాలు అలాగే అదిమి ఉంచితే నిమిషంలో మెల్లగా దిగిపోతుంటే, ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పు ఆయిల్‌ను వెనక్కి వదిలేస్తోంది. పెడల్ రాయిలా ఉండి బండి మాత్రం ఆగకపోతే ఆయిల్ సంగతి కాదు, షూల మీది లైనింగులు గాజులా నున్నబడ్డాయి, లేదంటే చక్రం దగ్గర పిస్టన్లు తుప్పుతో బిగుసుకున్నాయి.

నీ పెడల్ నాలుగో తొక్కుడుకు సగం దాకా లేచిందన్నావు, మెత్తగా ఉందన్నావు. మాస్టర్ సిలిండర్ డబ్బాలో బ్రేక్ ఆయిల్ సగం కూడా లేదన్నావు. ఆ చివరి మాట దగ్గరే నాకు మాస్టర్ సిలిండర్ మీద అనుమానం తగ్గింది. దాని లోపలి కప్పు పాడైతే ఆయిల్ డబ్బాలోకే తిరిగి వస్తుంది, మట్టం తగ్గదు. తగ్గిందంటే బయటికి పోయినట్టే. లైనింగులు అరిగితే కూడా కొంచెం తగ్గుతుంది కానీ ఇంతగా కాదు.

కాబట్టి చిల్లి వెతుకు. మాస్టర్ సిలిండర్‌లోకి కడ్డీ వెళ్లేచోట ఉన్న రబ్బరు బూటు తడిగా ఉందేమో చూడు. తర్వాత ముందు రెండు, వెనక ఒకటి రబ్బరు హోసులు. వాటిని చేత్తో వంచి చూడు. సన్నని పగుళ్లు కనిపిస్తే మరో ఆలోచన లేకుండా మార్చు. ఆ వయసు హోసు పైకి బాగున్నా లోపల ఉబ్బి పూడుకుపోతుంది. అప్పుడు తొక్కిన ఒత్తిడి చక్రానికి చేరుతుంది కానీ తిరిగి రాదు, బ్రేకు పట్టేసి వదలదు. చివరగా ప్రతి టైరు లోపలి వైపూ టార్చి వేసి చూడు.

వెనక కుడి టైరు లోపల నల్లటి చార ఉందన్నావు కదా, అది బ్రేక్ ఆయిలో, యాక్సిల్ సీలు నుంచి కారిన గేరు ఆయిలో తేల్చుకో. ఒక చుక్కను గుడ్డతో తీసి, గ్లాసు నీళ్లలో ముంచి కలుపు. నీళ్లలో కలిసిపోతే బ్రేక్ ఆయిల్. పైన జిడ్డుగా తేలి గంధకం వాసన వేస్తే గేరు ఆయిల్. పేరుకే అది ఆయిల్. పూర్వం ఆముదంలో ఆల్కహాలు కలిపి చేసేవారట, ఆ పేరే మిగిలిపోయింది. ఇప్పుడు వాడేది గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. నీ కష్టానికి మూలం ఆ గుణమే. ఏడేళ్లు తాగిన తేమ సిలిండర్ల గోడలను తుప్పుతో తినేసి ఉంటుంది.

డ్రమ్ము విప్పేముందు ముందు చక్రాలకు దిమ్మలు అడ్డం పెట్టు, జాకీతో లేపాక ఇరుసు కింద గట్టి చెక్క దిమ్మలు పెట్టు. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి దూరినవాళ్లలో ఒకరిని నేను ఆసుపత్రికి మోసుకెళ్లాను. హ్యాండ్ బ్రేకు వదిలి, షూల దూరం సరిచేసే అడ్జస్టరు వెనక్కి తిప్పి, డ్రమ్ము చుట్టూ చెక్క సుత్తితో తడితే ఊడివస్తుంది. లోపలి నల్లటి పొడిని నోటితో ఊదకు, గాలి పంపుతో కొట్టకు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. ముక్కుకు మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవరులో కట్టి పారెయ్యి.

ఇప్పుడు షూలను నెట్టే వీల్ సిలిండర్ చివర ఉన్న రబ్బరు బూటు అంచును కొద్దిగా ఎత్తు. లోపల తడి చేరి ఉంటే దొంగ దొరికినట్టే. సిలిండర్ విప్పి, పిస్టన్ తీసి, గోడలు తుడిచి లోపల చిటికెన వేలి గోరుతో గీసి చూడు. గోరు నున్నగా జారితే కొత్త కప్పులు వేస్తే చాలు. ఎక్కడైనా తగిలి ఆగితే అది గుంట. ఎమెరీ కాగితంతో రుద్ది నునుపు చేస్తామనేవాళ్లను నమ్మకు, రెండు నెలలకు మళ్లీ కారుతుంది. కొత్త సిలిండరు వెయ్యి, దొరక్కపోతే లేత్ దగ్గర లోపల స్లీవు వేయించు.

ఒక చక్రంలో ఇలా ఉంటే మిగతా మూడూ అదే ఆయిల్‌తో అన్నేళ్లు నిలబడ్డవే. ముందు చక్రాలకు రెండేసి, వెనక ఒక్కొక్కటి, మొత్తం ఆరు సిలిండర్లు. ఆరింటికీ కప్పులు మార్చు. అన్నీ విప్పాక మాస్టర్ సిలిండర్‌కు కూడా కిట్టు వేస్తే నేనేమీ అనను. రబ్బరు తగిలే దేన్నీ పెట్రోలుతో గానీ కిరోసిన్‌తో గానీ కడగకు, ఉబ్బిపోతుంది. కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడుగు. తడిసిన లైనింగును మంట మీద కాల్చి మళ్లీ వాడేవాళ్లున్నారు. నువ్వు మాత్రం వెనక రెండు వైపులా కొత్తవి వేయించు, ఒక్క వైపే మారిస్తే బండి పక్కకు లాగుతుంది.

గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టు. వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. చక్రం దగ్గర గాలి వదలడానికి ఉన్న నిపులుకు పారదర్శకమైన గొట్టం తొడిగి, రెండో కొనను కొంచెం ఆయిల్ ఉన్న సీసాలో ముంచు. ఒకరు మెల్లగా తొక్కాలి, ఒకరు నిపులు వదిలి, పెడల్ పైకి రాకముందే బిగించాలి. బుడగలు ఆగేదాకా అంతే. డబ్బా ఖాళీ కానివ్వకు, మళ్లీ మొదటికొస్తుంది. మాస్టర్ సిలిండర్ పాతదే ఉంచితే పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టు. ఆ సిలిండర్‌లో పిస్టన్ రోజూ తిరగని చివరి భాగంలో తుప్పు ఉంటుంది, పూర్తిగా తొక్కితే కప్పు అంచు చిరుగుతుంది. బ్రేక్ ఆయిల్ బండి పెయింటు మీద పడితే వెంటనే నీళ్లు పొయ్యి, లేకపోతే బావగారి తెల్లరంగు పొరలు లేస్తుంది.

అడ్జస్ట్‌మెంటు సంగతి తేలిక. డ్రమ్ము రంధ్రంలో నుంచి స్క్రూడ్రైవరుతో అడ్జస్టరును చక్రం పట్టేదాకా తిప్పి, ఒక్క నొక్కు వెనక్కి. ముందు చక్రాలకు రెండేసి అడ్జస్టర్లుంటాయని మరిచిపోకు. పెడల్‌కు పైన కాస్త వదులు తప్పక ఉండాలి.

పాత ఆయిల్ కొంచెం ఉన్నా చాల్లే అనుకోవద్దు. 1986లో తిరుమల నుంచి పాత ఘాట్ రోడ్డులో దిగుతుంటే నాకు పెడల్ మెత్తబడింది, లైనింగుల వాసన. రెండో గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేకు మెల్లగా లాగుతూ కొండ వైపు ఆపాను. మొదటి గేరుకు సింక్రోమెష్, అంటే బండి కదులుతుండగా గేరు సాఫీగా పడేలా చేసే అమరిక, లేదు, పరుగులో పడదు. అరగంటకు పెడల్ దానంతటదే తిరిగొచ్చింది. కింద ఒక మెకానిక్ మాస్టర్ సిలిండర్ మార్చి డబ్బు తీసుకున్నాడు. అసలు సంగతి ఏమిటంటే, కొత్త డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ 205 డిగ్రీల దాకా మరగదు, తేమ తాగితే 140 దగ్గరే మరగవచ్చు. లోపల పుట్టిన ఆవిరిని నేను తొక్కుతున్నాను. రెండేళ్లకోసారి మార్చి ఉంటే ఆ ఖర్చే లేదు.

కిట్లు, హోసులు, డాట్ 3 లీటరు డబ్బా తెచ్చి పెట్టు. ఆదివారం పొద్దున బస్సుకు వస్తాను. పెడల్ తొక్కడానికి అక్కను కూర్చోబెట్టాలని చూడకు, ఆమె మోకాళ్లకు ఆ పని సరిపడదు. నేను తొక్కుతాను, కింద పడుకోవడం నీ వంతు.

ఇట్లు,
నీ మామయ్య