ఓటీపీ నేనే ఇచ్చాను.. బ్యాంకు బాధ్యత ఉండదా?

ప్రశ్న: మాది టంగుటూరు దగ్గర పల్లె. పొగాకు డబ్బులు ఖాతాలో పడిన వారానికి బ్యాంకు పేరుతో మెయిల్ వచ్చింది. కేవైసీ అప్‌డేట్ చేయకపోతే ఈ రాత్రికే ఖాతా ఆగిపోతుందన్నారు. టెన్షన్‌లో లింకు నొక్కి పాస్‌వర్డ్, ఓటీపీ ఇచ్చేశాను. 11 గంటలకు రూ.48,000 పోయాయి. 11:20కి బ్యాంకు టోల్‌ఫ్రీకి చెప్పాను. 11:45కి ఇంకో రూ.22,000 పోయాయి. ‘ఓటీపీ మీరే ఇచ్చారు, మాకు సంబంధం లేదు’ అంటున్నారు. ఏం చేయాలి?
- ఒక రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: బ్యాంకు వాళ్లు రెండు లెక్కలను ఒకే మూట కట్టారు. ముందు దాన్ని విప్పండి. రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఓటీపీ లాంటివి ఖాతాదారే చెప్పేసినప్పుడు, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం ఆయనదే. తెలియజేశాక పోయిన ప్రతి రూపాయీ బ్యాంకుదే. అంటే రూ.22,000 మీకు రావాలి. తప్పు మీదని నిరూపించే భారం కూడా బ్యాంకు మీదే ఉంటుంది. మీ చేతిలో ఉండాల్సింది 11:20 కాల్ రికార్డు, ఫిర్యాదు నంబరు.

రూ.48,000 విషయంలో ఆశ పెట్టలేను. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఇంకా ఫోన్ చేయకపోతే ఇప్పుడే చేయండి. అవతలి ఖాతాలో సొమ్ము మిగిలి ఉంటే ఆపించవచ్చు. పోలీసు ఫిర్యాదులో సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం 66సి (ఇతరుల పాస్‌వర్డ్ లాంటివి మోసంతో వాడుకోవడం), 66డి (వేరేవారిలా నటించి మోసగించడం) సెక్షన్లు రాయమనండి. ఒక్కోదానికి మూడేళ్ల వరకు జైలు.

బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. 30 రోజుల్లో తేల్చకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు పరిష్కరించే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లండి. ఫీజు లేదు, మాలాంటి లాయర్లతో పనీ లేదు. ముందే ఒంగోలు వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తే మాత్రం అంబుడ్స్‌మన్ తీసుకోరు.

ఇక ఆ మెయిల్. మీరు చూసింది పంపినవారి పేరు. అక్కడ బ్యాంకు పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. పేరు మీద నొక్కితే అసలు అడ్రస్ కనిపిస్తుంది. దాన్ని చివరి నుంచి చదవండి. బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను 2025 అక్టోబర్ 31లోగా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’కు మార్చుకోవాలని ఆర్బీఐ చెప్పింది. మీకొచ్చిన లింకులో ముందు బ్యాంకు పేరుండి, చివర ఇంకేదో ఉంటే అది దొంగదే.

మెయిల్‌ను స్క్రీన్‌షాట్ తీసి వదిలేయకండి, అసలుదే సాక్ష్యం. కోపంతో డిలీట్ చేసి ఉంటే ట్రాష్‌లో వెతకండి. జీమెయిల్ అయితే అక్కడ 30 రోజులే ఉంటుంది.